దర్దుర డింభకం

దివిసీమ తుఫాను మరుసటేడు సంగతి. ఇంటర్ జంతుశాస్త్రం ప్రశ్నపత్రాలు ఇకనుంచి చక్కటి తెలుగులో ఉండాలని బందరులో లెక్చరర్లతో ఓ కమిటీ వేశారు. గుడివాడ కాలేజీలో పాఠాలు చెప్పే జీవానందం గారికీ పిలుపొచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నేలమీద నడిస్తే ఒట్టు. టిక్కెట్టు అడిగిన బస్సు కండక్టరుకి కూడా కమిటీ సంగతి చెప్పారు.

చక్కటి తెలుగంటే ఆ పెద్దల లెక్కలో సంస్కృతమే. మాటలు చకచకా పుట్టుకొస్తుండగా టాడ్‌పోల్ దగ్గర బండి ఆగింది.

"పల్లెల్లో దీన్నేమంటారో?" అన్నారు అధ్యక్షులు శ్రీనివాసరావు గారు.

అందరూ జీవానందం వైపే తిరిగారు. మోపిదేవి పక్కన పల్లెలో పాలేరు కొడుకని ఎవరికి తెలియదు గనక!

తోకకప్ప. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాలవకి నీళ్లొదలగానే వాటిని దోసిళ్లతో పట్టి, అమ్మ మంచినీళ్ల బిందెలో వేసి, వీపు చిట్లగొట్టించుకున్న మనిషాయన. కానీ ఆ చూపులకి ఒళ్లు మండింది. ఇంత చదివినా వీళ్లకి నేను పల్లెటూరి బైతునేనా అనుకున్నారు.

"ఏమోనండీ, మేమెప్పుడూ చూళ్లేదు," అన్నారు. అంతటితో ఊరుకున్నారా? "దర్దుర డింభకం అంటే గంభీరంగా ఉంటుందేమోనండీ!" అని ఓ రాయి విసిరారు. దర్దురమంటే కప్పేనని ముందురోజే నిఘంటువులో చూసి కంఠతా పట్టి వెళ్లారు మరి.

శ్రీనివాసరావు గారు ముక్కున వేలేసుకున్నారు. "మీకు సంస్కృతం కూడా వచ్చునా!"

ఆ ఒక్క ముక్కతో జీవానందానికి వారం పాటు ఆకలి వేయలేదు.

పరీక్షలొచ్చాయి. పుస్తకాల్లో ఇంకా పాత మాటలే ఉన్నాయి, పేపరు మాత్రం కొత్త మాటలతో దిగింది. డాక్టరు సీటు మీదే ప్రాణం పెట్టుకున్న కూతురు లీలావతి ఏడుస్తూ ఇంటికొచ్చింది.

"దర్దుర డింభకం పటం గీయమన్నాడు నాన్నా. డింభకమంటే లార్వా అని తెలుసు, దర్దురమేంటో తెలిసి చావలేదు. దోమ లార్వా గీసొచ్చాను. సీటు పోయినట్టే."

జీవానందం గారు మెల్లిగా చెప్పారు. "తోకకప్పమ్మా."

"తోకకప్పా! కళ్లు మూసుకుని గీసేదాన్ని కదా! మీ కమిటీలో ఆ మాట పెట్టిందెవరు నాన్నా?"

కూతురి ముందు నిజం చెప్పే ధైర్యమే ఉంటే ఆ రోజు బందరులోనే ఉండేది.

"శ్రీనివాసరావు గారమ్మా."

లీలావతి కళ్లు తుడుచుకుంది. "పోన్లే నాన్నా. పాపం, ఆయనకేం తెలుసు? మన పల్లెలో పుట్టినోడైతే మనలాంటోళ్ల నోట్లో ఇలా మట్టి కొట్టడుగా."