రేడియో చేరిన మూడో క్లాసు

లాండ్రీ షాపు షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి మళ్లీ దించేదాకా ఆమె పాడుతూనే ఉండేది. అందుకే ఇంట్లోవాళ్లు ఆమెకు రేడియో అని పేరు పెట్టారు. మొదట అత్తగారు విసుక్కుంటూ పెట్టిన పేరు, తర్వాత అదే ముద్దుపేరైపోయింది. షాపు వెనక గదిలో పెద్ద డ్రయ్యర్, దాని ముందు మడతల బల్ల. లాడ్జీల నుంచి వచ్చిన తెల్ల దుప్పట్లను వేడి తగ్గకముందే మడత పెట్టాలి, ఆలస్యమైతే ముడతలు పడి కూర్చుంటాయి. ఆ పనికి చేతులు చాలు, నోటి అవసరం లేదు. కాబట్టి నోరు పాటకు ఖాళీగా ఉండేది. బట్టలకోసం వచ్చినవాళ్లు రసీదు చేతిలో పట్టుకుని కౌంటరు దగ్గర అలా నిలబడిపోయేవారు. కొందరైతే ఆ పాటంటే చెవి కోసుకునేవారు. "ఎక్కడ నేర్చుకున్నారండీ ఈవిడ?" అని ఎవరైనా అడిగితే, ఆమె భర్త ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచే, "దుప్పట్ల దగ్గరండీ" అనేవాడు.

పొగడ్తలు విని విని ఆమెకు ఒకరోజు నిజంగానే నేర్చుకోవాలనిపించింది.

అందులో సగం కారణం తోడికోడలు. బావగారి భార్య, పక్క వీధిలోనే కాపురం, కొన్నేళ్లుగా సంగీతం క్లాసుకు వెళుతోంది. ఇంట్లో నలుగురు చేరితే చాలు, ఆ మాట ఎత్తకుండా లేవదు. తనూ చేరతానని రేడియో చెప్పగానే ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి మరీ సలహా ఇచ్చింది.

"చేరు, మంచిదే. ఒకటో క్లాసులో చేరు. చిన్నపిల్లలుంటారు, నీకు సరదాగా ఉంటుంది. నేనెలాగూ రెండో క్లాసు కదా, ఏమైనా అర్థంకాకపోతే నన్నడుగు."

రేడియోకు ఒళ్లు మండింది. "అలాగేలే అక్కా" అంది పైకి.

సంగీతం క్లాసు మోటారు సామాన్ల దుకాణం మీద రెండు గదుల్లో నడిచేది. టీచరు పెద్దావిడ, మాట పొదుపు మనిషి. ఆవిడ పద్ధతి ఒకటుంది. ఎవరు ఏ క్లాసులో కూర్చోవాలో ఆవిడ చెప్పదు. చేరేవాళ్లే ఎంచుకోవాలి.

"నేను చెబితే నా మీద కోపం పెట్టుకుంటారమ్మా. మీరే కూర్చోండి. సరిపోకపోతే మీకే తెలుస్తుంది, మారిపోవచ్చు" అంది. "ఒకటోదాంట్లో ఒక్క స్వరం నిలబెట్టడం. రెండోదాంట్లో స్వరాలు కలపడం, తాళం తప్పకుండా పాడటం. మూడోదాంట్లో పాటలు."

ఒక్క స్వరమట. తనకు వచ్చిన పాటలు ఒకదాని వెనక ఒకటి పాడితే వారం పడుతుంది. పైగా అక్క రెండో క్లాసు. రేడియో ఇంకేమీ ఆలోచించలేదు.

"మూడోది" అంది.

టీచరు కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసి, "సరే. ఏడింటికి రండి" అంది.

మొదటిరోజు ఆమె ఆరున్నరకే వెళ్లి మెట్ల దగ్గర నిలబడింది. రెండో క్లాసు వదిలాక తోడికోడలు దిగివస్తుంది, ఎదురుపడుతుంది, "నువ్వా, ఏ క్లాసు?" అంటుంది. జవాబు నాలుక చివరే ఉంది. ఒక్కొక్కరే దిగిపోయారు గాని అక్క కనబడలేదు. ఏ తలనొప్పో వచ్చి మానేసి ఉంటుందనుకుంది. తర్వాత కూడా కనబడలేదు. అయినా వార్త ఎలాగో ఆ ఇంటికి చేరింది, ఎందుకంటే తర్వాత కలిసినప్పుడు అక్క సంగీతం మాటే ఎత్తలేదు. రేడియోకు కాళ్లు నేల మీద ఆనలేదు.

మూడో క్లాసులో అందరూ కలిసి పాడినన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. అందరి గొంతులతో పాటు ఆమె గొంతూ హాయిగా సాగిపోయింది. తర్వాత ఒక్కొక్కరే పాడే వంతు వచ్చింది. టీచరు పక్కన చిన్న శ్రుతిపెట్టె ఉంటుంది. మీట నొక్కితే ఒకే స్వరం ఆగకుండా మోగుతుంది. పాడేవాళ్లు ఆ స్వరం అందుకుని పాట మొదలుపెట్టగానే టీచరు దాన్ని ఆపేస్తుంది. పాట చివర్లో మళ్లీ నొక్కుతుంది. గొంతు మొదలుపెట్టిన చోటే ఉంటే పెట్టె వచ్చి దాంట్లో కలిసిపోతుంది.

రేడియో కళ్లు మూసుకుని తనకు బాగా ఇష్టమైన పాట పాడింది. బాగా పాడుతున్నానని తనకే తెలుస్తోంది. ఆఖరి మాటను సాగదీసి నిలిపింది. టీచరు మీట నొక్కింది.

పెట్టె ఎక్కడో కిందుంది. ఆమె గొంతు ఎక్కడో పైనుంది. రెండూ కలిసి గదిలో కీచుమన్నాయి. నవ్వుతారనుకుంది, ఎవరూ నవ్వలేదు. తల కొట్టేసినట్టయింది.

"కూర్చోండమ్మా" అంది టీచరు, అంతే.

ఆ మర్నాటి నుంచి షాపులో పాట లేదు. కౌంటరు దగ్గరకొచ్చినవాళ్లు, "ఒంట్లో బాగాలేదా ఆవిడకి?" అని అడిగి, రసీదు ఇచ్చి, బట్టలు తీసుకుని వెంటనే వెళ్లిపోయేవారు. "రేడియోకి బ్యాటరీ అయిపోయిందా?" అని భర్త ఒకటి రెండుసార్లు ఆటపట్టించాడు. ఆమె దుప్పట్లు మడత పెడుతూనే ఉంది. చివరికి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చి, "ఎవరేమన్నారు నిన్ను?" అని అడిగాడు.

"ఎవరూ ఏమీ అనలేదు. నాకసలు పాట రాదండీ. ఇన్నాళ్లూ మీరందరూ మొహమాటానికి బాగుందన్నారు."

"నాకు మొహమాటమా? అదీ నీ దగ్గర?"

ఆమె నవ్వలేదు. క్లాసు పోతే పోయింది, దాని గురించి కాదు ఆమె దిగులు. ఆ వెనక గదిలో తనదంటూ ఉన్నది పాటొక్కటే. అదీ ఉత్తిదే అయితే ఇక మిగిలేది దుప్పట్లు. ఆ సంగతి తలుచుకుంటే ఏడుపొచ్చేది.

ఒక మధ్యాహ్నం తనకు తెలియకుండానే కూనిరాగం బయటికొచ్చింది. డ్రయ్యర్ తిరుగుతోంది, చేతిలో దుప్పటి ఉంది, పాత అలవాటు. టైమైపోయి డ్రయ్యర్ ఆగింది. పాట ఇంకా సగముంది, ఆమె పాడుకుంటూనే ఉంది. భర్త ఆరినవి తీసి తడివి వేసి స్విచ్ నొక్కాడు. డ్రమ్ము తిరగడం మొదలై తన మామూలు రొద అందుకుంది.

ఆమె చేతిలో మడత ఆగిపోయింది. అదే కీచు. క్లాసులో విన్నదే.

"ఏవండీ, దాన్ని ఆపండి."

"ఇప్పుడే కదా వేశాను."

"ఆపండి, చెబుతాను."

ఆపాడు. ఆమె పాడింది. వెయ్యమంది, వేశాడు. మళ్లీ ఆపమంది. దుప్పట్లు అటూ ఇటూ కాకుండా లోపల నానుతున్నాయి. మెషిన్ తిరుగుతున్నంతసేపూ ఆమె గొంతు దాని రొదలో అతికినట్టు కూర్చుంటోంది. ఆపి నాలుగు చరణాలు పాడితే చాలు, గాలిపటంలా పైపైకి పోతోంది. సంగీతానికీ అతనికీ ఆమడ దూరం, అయినా ఒకసారి చెయ్యి ఎత్తి, "ఇదిగో, ఇక్కడ పక్కకి పోయావు" అన్నాడు.

"మీకూ తెలిసిందా?"

"తెలియకేం? తలుపు కీచుమన్నట్టుంది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఎన్నాళ్లకో నవ్వింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆమె ఒక్కతే పాడలేదన్నమాట. గొంతు ఆమెదే, దాన్ని పట్టి నిలబెట్టింది డ్రయ్యర్. జనం మొహమాటానికి అనలేదు, నిజంగానే బాగుండి ఉంటుంది. కానీ ఆ బాగులో సగం ఈ ఇనుపడబ్బాది. ఒకేసారి సంతోషమూ, చిన్నతనమూ కలిగాయి. తనకు రానిది ఏమిటో ఇప్పుడు తెలిసింది. అది ఏ క్లాసులో నేర్పుతారో కూడా తెలుసు.

"ఒకటో క్లాసుకి పోతే అక్క ముందు నా మొహం చెల్లుతుందా?" అంది.

"నువ్వు నేర్చుకునేది వదినకోసమా?"

ఆమె నిజాయితీగా ఆలోచించి, "సగం" అంది.

"అయితే మిగతా సగం కోసం వెళ్లు."

ఒకటో క్లాసు సాయంత్రం నాలుగింటికి. మెట్లెక్కి గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి చూసింది. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు, మిగతా అంతా పిల్లలు. ముందు వరుసలో, రెండు జడల చిన్నపిల్ల పక్కన, చాప మీద మఠం వేసుకుని తోడికోడలు కూర్చుంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తోడికోడలు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు మూడో క్లాసు కదే?"

"నువ్వు రెండో క్లాసు కదక్కా?"

తోడికోడలు పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. రేడియో కూర్చున్నాక చెవిలో చెప్పింది. "రెండోదాంట్లో కొన్నాళ్లు కూర్చున్నా. నాకు అందలేదు, మళ్లీ దిగొచ్చేశా. అప్పటికే ఇంట్లో చెప్పేసుకున్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయా. మీ బావగారికి కూడా తెలీదు."

రేడియో నోరు విప్పేలోపే టీచరు తోడికోడలి వైపు తలాడించింది. పెట్టె మోగింది. తోడికోడలు స్వరం అందుకుంది. పెట్టె ఆగింది. పెద్ద గొంతేమీ కాదు, తీపి కూడా తక్కువే. కానీ అది కదలలేదు. పక్కన పిల్లలు కదులుతున్నారు, కింద దుకాణంలో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు, ఆ స్వరం మాత్రం ఉన్నచోటే ఉంది. మీట మళ్లీ నొక్కితే పెట్టె మోగిందో లేదో కూడా తెలియలేదు, అంతగా కలిసిపోయింది. రేడియోకు ముందు అసూయ కలిగింది. తర్వాత సిగ్గేసింది, ఇన్నాళ్లూ ఈవిడ పాట ఒక్కసారైనా వినాలని తనకు తోచనందుకు.

తన వంతు వచ్చింది. పెట్టె ఆగిన కాసేపటికే గొంతు పక్కకు జరిగింది.

"నా మొదటిరోజు ఇంతకన్నా ఘోరం" అంది తోడికోడలు మెల్లగా. "రేపు మీ షాపుకొస్తాలే."

వచ్చింది. దుప్పటి చెరో కొసా పట్టుకుని మడత పెడుతూ ఇద్దరూ డ్రయ్యర్ ఆపి ఒక్క స్వరం పాడటం, మళ్లీ వెయ్యడం. కరెంటు బిల్లు సంగతి భర్త ఎత్తబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఊరుకున్నాడు. "ఏమిటండీ, పాటలు మానేసి ఒకే కూత కూస్తున్నారు?" అని కౌంటరు దగ్గర అడిగినవాళ్లకు, "ఒకటో క్లాసండీ" అని చెప్పేవాడు.

చాలా వారాలు కీచుమంటూనే గడిచాయి. ఒకరోజు అక్క రాలేదు. రేడియో ఒక్కతే డ్రయ్యర్ ఆపి స్వరం నిలిపింది. ఊపిరి తీసుకుని మళ్లీ నిలిపింది. ఒక చేత్తో స్విచ్ నొక్కింది. డ్రమ్ము తిరిగి రొద అందుకుంది. కీచు కోసం చెవి రిక్కించింది, ఎక్కడా లేదు.

ఆమె డ్రయ్యర్ మళ్లీ ఆపేసింది.

"ఆ దుప్పట్లు ఇవాళే పంపాలి, ఆరవే అవి" అన్నాడు భర్త ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి.

"ఆరతాయిలెండి" అని, క్లాసులో తల కొట్టేసినంత పని చేసిన ఆ పాటనే మొదటి నుంచి ఎత్తుకుంది.