అందరికీ నూటికి నూరు

జోగమ్మ కుడిచెయ్యి బెల్టులో పడి నలిగిపోయిన మర్నాడు మమ్మల్నందరినీ ఆఫీసు హాల్లో నిలబెట్టారు. కుర్చీలున్నాయి. కూర్చోమనలేదు.

పోర్టు పక్క బొగ్గు యార్డులో మేం కాంట్రాక్టు కూలీలం. బొగ్గు మోసే బెల్టు మీంచి రాలినదాన్ని పారలతో ఎత్తిపోస్తాం. శిక్షణ లెక్కలు చూసే ఆనందకుమార్ మధురవాడ ఆఫీసు నుంచి వచ్చి గోడమీద తెర వెలిగించాడు. జోగమ్మ పేరు. పక్కన పచ్చరంగు. ఆమె భద్రత వీడియో చివరిదాకా చూసింది, ప్రశ్నలన్నిటికీ సరైన జవాబులిచ్చింది అన్నాడు. కాబట్టి శిక్షణలో లోపం లేదు. నిర్లక్ష్యం ఆమెదే. పరిహారం రాదు.

జోగమ్మకు అక్షరం రాదు. మా తలలు వంగిపోయాయి.

ఆ జవాబులు ఆమెవి కావు. మా పేర్ల పక్కనున్నవీ మావి కావు. నెలనెలా ఫోనులో పరీక్ష పాసైతేనే గేటు తెరుచుకుంటుంది. అందుకని ఫోన్లన్నీ పాపాయమ్మ టీకొట్టు బల్లమీద పరిచేవాళ్లం. మాలో ఐటీఐ చదివిన గుణశేఖర్ వరసగా నొక్కేసేవాడు. మేం టీ తాగుతూ నవ్వుకునేవాళ్లం. కంపెనీని బోల్తా కొట్టించామనుకున్నాం.

అంతకుముందు మేస్త్రీ గురునాథరావు కొత్తవాళ్లను బెల్టు దగ్గరికి తీసుకెళ్లి, పక్కనున్న తాడు వాళ్లచేతే లాగించేవాడు. బెల్టు ఆగేదాకా వదిలేవాడు కాదు. మా మార్కులు చూసి కంప్యూటరు తేల్చింది: అందరికీ అన్నీ వచ్చు, బెల్టు ఆపి నేర్పడం దండగ. ఆ పాఠం ఎత్తేశారు. ఆ తర్వాత చేరిన మనిషి జోగమ్మ. తాడు ఆమె తలకు జానెడు దూరంలోనే ఉంది. అది ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం టీకొట్టు దగ్గర చేరాం. నిజం చెప్పేద్దామన్నాడు బెన్సన్. చెబితే అందరి గేటు పాసులూ పోతాయి, ఆటోనగర్ షెడ్లలో కూడా పని లేదు అన్నాడు నరేష్. సగం మంది నరేష్ వైపే ఉన్నారు.

"నొక్కింది నా వేలు. నానొక్కడినే సెప్తాను. మిమ్మల్ని కలపను," అన్నాడు గుణశేఖర్.

జోగమ్మ పక్కన పార పట్టే రామలక్ష్మమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఒక్కడివే ఏటి సేత్తావు? ఈరోవా? ఫోనిచ్చింది మేం గాదేటి? నాకు రాదని నాను సెప్పుకుంటాను. మద్దిలో నువ్వెవుడివి?"

ఒకరిద్దరు నవ్వారు. నరేష్ నవ్వలేదు గాని ఇంటికీ వెళ్లలేదు.

మర్నాడు ఆఫీసు ముందు ఒకరి తర్వాత ఒకరం చెప్పాం. పరీక్ష నేను రాయలేదు, ఆ వీడియో నాకు ఏమీ నేర్పలేదు. అందరివీ నొక్కింది తనేనని గుణశేఖర్ చెప్పాడు. ఆనందకుమార్ ఓపిగ్గా విన్నాడు. జోగమ్మ మాట ఎత్తలేదు. మోసం జరిగిందని పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్లొచ్చి గుణశేఖర్‌ను జీపెక్కించారు. అడ్డం పడిన రామలక్ష్మమ్మను పక్కకు నెట్టేశారు. గొంతులు పోయేలా అరిచాం. గేటు లోపల బెల్టు ఆగలేదు. వేరే కాంట్రాక్టరు మనుషులు మా పారలు పట్టుకున్నారు.

మా నిజం కూడా కంపెనీకే పనికొచ్చింది. పద్ధతి బాగుచేసుకున్నారు. ఇప్పుడు ఫోను మన ముఖం చూస్తుంది. కళ్లు పక్కకు తిప్పితే వీడియో ఆగిపోతుంది. జోగమ్మకు పరిహారం రాలేదు. గుణశేఖర్ జైల్లోనే ఉన్నాడు.

పని కావాలంటే ఇది చూడండని ఒకరోజు మమ్మల్ని గేటు ముందు ఎండలో కూర్చోబెట్టారు. చూశాం. కళ్లు తిప్పకుండా చూశాం. బొగ్గుమసి లేని యార్డులో ఇస్త్రీ బట్టల మనిషి నవ్వుతూ నడిచాడు. చివర్లో తెరమీద ఒక్కటే బటన్ వచ్చింది: నాకు అర్థమైంది. అర్థం కాలేదనడానికి బటన్ లేదు.

"నొక్కండి, టైమైపోతంది," అన్నాడు సూపర్‌వైజరు.

"బెల్టు కాడికి తీసుకెల్లి సూపించు. అప్పుడు నొక్కుతాం," అంది రామలక్ష్మమ్మ. ఫోను నేలమీద పెట్టింది.

బెన్సన్ పెట్టాడు. నేను పెట్టాను. అందరికన్నా ఆఖర్న నరేష్ పెట్టాడు. ముఖాలు దొరక్క ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. రోడ్డు మలుపులో పోలీసు జీపు కనిపించింది. ఎవరూ లేవలేదు.