పగలని సీసాలు

మా ఆయన మీద నాకు కోపం రాని రోజంటూ లేదు కానీ, ఒళ్లు ఇంతగా మండటం మాత్రం ఇదే మొదలు. నన్నొక్క మాట అడక్కుండా పాత డబ్బా టీవీని పాతసామాన్లవాడికి ఇచ్చేసి, గోడకి పలకలాంటి కొత్త తెర తగిలించాడు. ఎంత పల్చగా ఉందో చూడు, బొమ్మ ఎంత నిగనిగలాడుతోందో చూడు అంటూ ఒకటే గొప్పలు.

ఆ డబ్బా మా అత్తయ్యకి ప్రాణం. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, రబ్బరు బంతి పిసకమని డాక్టరమ్మ చెబితే ఆవిడకి పరమ చిరాకు. చివరికి మా ఆయన చిన్నప్పటి వీడియోగేమ్ అటక మీంచి దింపాను. బొమ్మ తుపాకీ గురిపెట్టి మీట నొక్కితే తెరమీద సీసాలు పగులుతాయి. ఒక్కో సీసాకి తనకి గిట్టని చుట్టం పేరొకటి పెట్టి మరీ పగలగొట్టేది. వేళ్లు కదిలాయి. తన చెంచా తనే పట్టుకునేదాకా వచ్చింది.

కొత్త తెర వచ్చాక ఒక్క సీసా పగిలితే ఒట్టు. పంటిబిగువున రెండు రోజులు ప్రయత్నించి, తుపాకీ పక్కన పడేసింది.

"చెయ్యి మళ్లీ పోయిందే అమ్మాయ్" అని గోడవైపు తిరిగి పడుకుంది. చెంచా కూడా ముట్టుకోనంది. మళ్లీ నేనే తినిపించాను.

అనుమానం వచ్చి, తుపాకీ తెరకి ఆనించి నేనే నొక్కి చూశాను. ఊహూ. గేములు బాగుచేసే అతనికి ఫోన్ చేస్తే, ఆ తుపాకీ పాత డబ్బాల వెలుగునే పసిగడుతుందనీ, కొత్త పలకల మీద పనిచేయదనీ చెప్పాడు. పరుగున వెళ్లి చెబితే అత్తయ్య నమ్మలేదు. తనని ఊరుకోబెట్టడానికి కథలల్లుతున్నానంది.

సాయంత్రం మా ఆయన రాగానే, చొక్కా కూడా మార్చుకోనివ్వకుండా ఆవిడ ముందు నిలబెట్టి తుపాకీ చేతికిచ్చాను. కాల్చమన్నాను. కాల్చకుండానే నావైపు తిరిగాడు.

"అది పనిచేయదు. తగిలించిన రోజే చూశాను. నువ్వు తిడతావని చెప్పలేదు."

అత్తయ్య లేచి కూర్చుంది.

"చెయ్యి పోయిందని నేనేడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావట్రా?"

దగ్గరికి రమ్మంది. తల వంచుకుని వెళ్లాడు. కుడిచేత్తో చెంప మీద ఒక్కటిచ్చింది. పెద్ద దెబ్బేం కాదు. అమ్మ చెయ్యి బాగానే ఉందిగా అన్నట్టు నావైపు చూసి, చెంప తడుముకుంటూ నవ్వబోయాడు. నేను నవ్వలేదు. అలాంటి డబ్బా ఎక్కడున్నా వెతికి తెచ్చేదాకా గడప తొక్కొద్దని చెప్పి, తలుపు తీసి పట్టుకున్నాను.