లండన్ నడివీధి

ఇవాకిచి తడిగుడ్డ మరోసారి అద్ది, గోటితో అంచు లేపాడు. కాగితపు తలుపుల్లో పైపొర కింద దిట్టంగా ఉండాలని పాత కాగితాలు అతికిస్తారు. యొకొహామాలో తలుపులు బాగుచేసే ఇవాకిచి జీవితమంతా వాటిని ఊడదీయడంలోనే గడిచింది. వంగిన నడుం, గంజి పట్టి తెల్లబడ్డ గోళ్ళు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు.

ఇంకో పొర లేపగానే చెయ్యి ఆగిపోయింది. బోర్లా అతికిన చెక్కఅచ్చు బొమ్మ. వెనకవైపుకి రంగులు ఊరాయి. ఒక అంచున సగం గుర్రం, రెండో అంచున సగం గొడుగు. వాటి మిగతా సగాలు అతని గోడ మీదే ఉన్నాయి.

"తోమీ, ఇటు రావే. నడివీధి దొరికింది."

విదేశీ వీధుల అచ్చుబొమ్మలంటే అతనికి పిచ్చి. తాతల నాడు, రేవులోకి తెల్లవాళ్ళ ఓడలు వచ్చిన కొత్తలో వేసినవి. గీసినవాళ్ళు పొలిమేర దాటి ఎరగరు కాబట్టి లండన్ వంతెన కూడా తమ ఊరి వంతెనలాగే గూనిగా ఉంటుంది. అదే అతనికి ముద్దు. మూడు కాగితాలు పక్కపక్కన పెడితే ఒక్క వీధి అయ్యే ఆ లండన్‌లో ఇన్నాళ్ళూ రెండు చివరలే దొరికాయి. రెండింట్లోనూ జనం తలలెత్తి మధ్యకే చూస్తున్నారు. ఎక్కడో మంటలని భార్య, గాలిపటమని ఇతను. పెళ్ళయినప్పటి నుంచీ అదే తగువు.

తోమి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "తిప్పవయ్యా మరి. నా మంటలు నాకు చూపించు."

"గంజి నానలేదే. ఇప్పుడు లాగితే రంగు ఊడొస్తుంది. సాయంత్రం దాకా ఆగు."

"ఆగలేనిది నువ్వే. చూడు, కాలు నిలవట్లేదు."

నిజమే. ఆ బొమ్మ అడగడానికి, తలుపు బాగుకిచ్చిన సారాకొట్టు యజమాని దగ్గరికి పరుగెత్తాడు. "లోపలి చెత్తంతా నీదేలే, పైకాగితం ముడతల్లేకుండా వెయ్యి" అన్నాడాయన. ఇవాకిచి రొప్పుతూ తిరిగొచ్చి, ముల్లంగి ఊరగాయతో అన్నం సగం తిని, మధ్యలో రెండుసార్లు లేచి గుడ్డ తడిపాడు. ఆనందం పట్టలేక పెళ్ళాం కొప్పు కూడా లాగాడు. చివరికి తలుపు పక్కనే చాప మీద ఒరిగాడు.

"కాస్త నడుం వాలుస్తా. నానగానే లేపు."

పొద్దు వాలాక తోమి టీ తెచ్చి లేపింది. లేవలేదు. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఆమె చాలాసేపు ఏడ్చింది.

ఇరుగుపొరుగును పిలవాలి. పిలిస్తే ఇల్లు నిండిపోతుంది, గుడ్డ ఆరిపోతుంది. తోమి ముక్కు చీది, అతని పక్కనే కూర్చుని, అతను చేసేటట్టే మూల నుంచి మెల్లగా ఊడదీసింది. రంగు చెక్కు చెదరలేదు.

"మంటలూ కావు, గాలిపటమూ కాదు. ఇద్దరం ఓడిపోయామయ్యా" అంది అతనితో.

తడికాగితం మీద, లండన్ ఇళ్ళకప్పుల పైన, ఎర్రటి బెలూన్ లేచిపోతోంది. బుట్టలో ఒక మనిషి నిలబడి, నవ్వుతూ, టోపీ తీసి ఊపుతున్నాడు.