కొమురవ్వ రెండో క్యాసెట్టు

నేను ఒక పాటల క్యాసెట్టును. అందులోనూ రెండోదాన్ని. సిద్దిపేట దగ్గరి పల్లెలో నాట్ల పాటలు పాడే కొమురవ్వకు నాకంటే ముందే ఒక క్యాసెట్టు వచ్చింది. దాన్ని అక్క అంటాను. ప్రేమతో కాదు, వరుస అట్లా పడింది మరి.

అక్క పుట్టుక ఏమంత గొప్ప? ఎవరి వాకిట్లోనో ఒకే మైకు పెట్టి రికార్డు చేశారు. పాట మధ్యలో ఎవరో దగ్గారు, కోడి అరిచింది. నేను హైదరాబాదులో, చల్లటి గదిలో, కీబోర్డుతో, వేణువుతో పుట్టాను. అట్ట మీద పట్టుచీరలో కొమురవ్వ రంగుల ఫోటో. ఇంత హంగుతో వచ్చిన నన్ను వదిలేసి జనం ఆ దగ్గుల క్యాసెట్టు కోసం ఎగబడితే ఒళ్లు మండదా?

స్టూడియోలో ఒక చిక్కు వచ్చిన మాట నిజమే. నాట్ల పాటను ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవాలి. కొమురవ్వ పాటను అందుకునేది ఎప్పుడూ ఆమె జోడు బుచ్చవ్వే. గొంతు గరగరగా ఉందని కంపెనీవాళ్లు ఆమెను రానివ్వలేదు. అద్దాల గదిలో కొమురవ్వ ఒంటరిగా ఒక వరుస పాడి, అలవాటు కొద్దీ ఆగేది.

‘‘ఎందుకమ్మా ఆగుతున్నావు?’’ అని రికార్డింగు ఆయన విసుక్కున్నాడు.

‘‘నేనేడ ఆగిన సారూ? అవుతల అందుకోవాలె గద!’’

ఆయన ఆ ఖాళీలన్నీ కత్తిరించి పారేశాడు. అందుకే నా పాటలు ఊపిరి తీసుకునే సందు లేకుండా సాగిపోతాయి. అదే నా అందమని మురిసిపోయాను.

కొమురవ్వ ఇంటి గూట్లో నన్నూ అక్కనూ పక్కపక్కనే పెట్టారు. వచ్చినవాళ్లంతా ‘‘గా పాతది పెట్టరాదే అవ్వా’’ అనేవాళ్లే. ఇంతలో బుచ్చవ్వ జ్వరంతో పోయింది. ఆనాటి నుంచి కొమురవ్వ రోజూ అక్కనే పెట్టుకునేది. తానూ గొంతు కలిపి ఒక వరుస పాడేది, టేపురికార్డరులోంచి బుచ్చవ్వ అందుకునేది. అది చూసి నేను కుళ్లిపోయాను. ఈ అక్క ముక్కలైపోతే బాగుండునని మొక్కుకున్నాను.

మొక్కు ఫలించింది. ఒకనాడు టేపురికార్డరు అక్కను నమిలేసింది. కొమురవ్వ కూతురు సుగుణ బయటికి లాగబోతే రీలు తునాతునకలైంది. కొమురవ్వ గుండెలు బాదుకుని ఏడ్చింది. నేను మాత్రం ఇక నా రోజులొచ్చాయని సంబరపడ్డాను.

పాడు క్యాసెట్టు, ఊరి హోటల్లో అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉందట. హోటలాయన అడగగానే తన టేపురికార్డరుతో సహా ఇచ్చాడు, తెల్లారే తిరిగి తెమ్మన్నాడు. ఆ పాటలు ఎక్కించుకునేందుకు ఖాళీ క్యాసెట్టు కోసం సుగుణ ఊరంతా తిరిగినా దొరకలేదు. అప్పుడు కొమురవ్వ గూట్లోంచి నన్ను తీసి ఇచ్చింది.

‘‘అవ్వా, గివి గూడ నీ పాటలేనే. అన్నీ చెరిగిపోతయ్ మల్ల’’ అంది సుగుణ.

కొమురవ్వ నా అట్ట మీద తన ఫోటోను కాసేపు చూసింది.

‘‘నా పాటలే, ఎవలు కాదన్నరు? కని దీంట్ల నేనొక్కదాన్నే ఉన్న బిడ్డా. పోనియ్.’’

సుగుణ నా నెత్తి మీది బెజ్జంలో కాగితం కుక్కింది. అట్లా చేస్తేనే కంపెనీ క్యాసెట్టు మీద మళ్లీ పాట ఎక్కుతుంది. ప్లే, రికార్డు బటన్లు రెండూ ఒక్కసారే నొక్కింది. నా వేణువు పోయింది, నా కీబోర్డు పోయింది. నా ఒంటి మీదే అక్క వచ్చి కూర్చుంది.

ఇప్పుడు రోజూ నన్నే పెడతారు. కొమురవ్వ నన్ను కొంగుతో తుడుస్తుంది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. నేను కోరుకున్న ప్రేమంతా నాకే దక్కుతోంది, అందులో నాది రవ్వంత కూడా లేదు. అక్క మీద కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు. కానీ కొమురవ్వ ఒక వరుస పాడి ఆగి, నా వైపు చెవి పెట్టినప్పుడు మాత్రం, రీలు ఎక్కడా చిక్కుకోకుండా ఎంతో జాగ్రత్తగా తిరుగుతాను. బుచ్చవ్వ అందుకోవాలి గదా.