చలికాలం మసి

కారు చచ్చిపోయిందని కాసిమాలి తేల్చేశాడు. ఇంజను విప్పలేదు సరికదా, కనీసం బానెట్ అయినా ఎత్తలేదు. గొట్టంలోంచి వస్తున్న నల్లపొగ చూసి చేతులు వెనక్కి కట్టుకుని, లోపల రింగులు అరిగిపోయి నూనె తాగుతోందన్నాడు. ఆడమనిషి చేతిలో పడ్డ బండి ఇంకేమవుతుందని కూడా అన్నాడు. పాత బండ్లు కొనేవాణ్ణి నారిన్ పట్నం నుంచి రమ్మన్నాడట. మధ్యాహ్నానికి వచ్చి తీసుకుపోతాడట.

బురుల్చా పాల బకెట్టుతో నిలబడి అంతా విన్నది. కాసిమాలి ఆమె మొగుడికి అన్న. వాళ్ళ ఆచారంలో కోడలు బావగారి పేరు నోట పలకకూడదు. ఎదురు చెప్పకూడదు. ఆయన ముందు నుంచి వెళ్ళేటప్పుడు వీపు చూపించకూడదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆయన కూర్చున్న గదిలోంచి ఆమె వెనక్కి వెనక్కి నడిచే బయటికి వచ్చేది.

మొగుడు గొర్రెల్ని తోలుకుని ముందే కొండమీది మేతకు వెళ్ళిపోయాడు. మీగడ తీసే మిషనూ, పిల్లలూ, ముసలి అత్తా ఈ కారులోనే పైకి చేరాలి. చేరకపోతే ఈ వేసవి వెన్న లేదు, వెన్న లేకపోతే వచ్చే చలికాలం గడవదు. ఆ దిగులు ఉండనే ఉంది. కానీ ముందుగా పొడిచింది మాత్రం ఆ ‘ఆడమనిషి చేతిలో’ అన్న మాట.

చలికాలమంతా ఈ బండి ఎవరి చేతిలో ఉంది? తొలి మంచు పడ్డ రోజునే బావగారు తాళం పట్టుకుపోయాడు. ఇంట్లో ఆడవాళ్ళ చెవులుంటాయని, ఊరి సంగతులన్నీ మగవాళ్ళు కారులో కూర్చునే మాట్లాడుకుంటారు. బండి ఆయన ఇంటి గేటు ముందే కదలకుండా ఉండి, లోపలి వాళ్ళకు వెచ్చదనం కోసం పొద్దస్తమానం గురగురలాడుతూనే ఉండేది. అద్దాలకు ఆవిరి పట్టేది. వాళ్ళు నమిలే పొద్దుతిరుగుడు గింజల పొట్టు గుప్పెళ్ళ కొద్దీ లోపలే రాలేది. మంచు కరిగాకే బండీ తాళమూ తిరిగి ఇచ్చాడు.

కాసిమాలి టీ తాగడానికి ఇంటికి వెళ్ళగానే బురుల్చా బకెట్టు దించి బానెట్ ఎత్తింది. ఆమె తండ్రి సమష్టి వ్యవసాయ క్షేత్రంలో లారీ నడిపినవాడు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు తోమే పని చిన్నప్పుడు ఆమెదే. అత్త బాత్మా కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఏం చేస్తున్నావే?"

"చచ్చిందంటున్నారుగా అత్తయ్యా. పాతిపెట్టే ముందు ఒకసారి మొహం చూద్దామని."

చల్లారిన ఇంజను మీద దుమ్ము ఊదేసి మొదటి ప్లగ్గు విప్పింది. కొనంతా నల్లటి మసి. వేలితో రాస్తే పొడిగా రాలింది. నూనె తాగే ఇంజనైతే తడిగా, జిడ్డుగా మెరవాలి. మిగతావీ విప్పింది. అన్నీ అంతే. ప్లగ్గు బెజ్జంలోకి టార్చి వేసి చూస్తే పిస్టను నెత్తి మాంసం వండే పెద్ద మూకుడు అడుగులా కరుడు కట్టి ఉంది. విల్లో చెట్టు పుల్లతో గీకితే పుల్లకూ పొడి మసే అంటింది.

తర్వాత నిప్పురవ్వ తీగలూ, పెట్రోలు పంపు తీగా పీకేసి, బెజ్జం మీద బొటనవేలు అదిమి, తాళం తిప్పమని అత్తను అడిగింది. ముసలావిడ స్టీరింగు ముందు ఎన్నడూ కూర్చోలేదు. బిస్మిల్లా అనుకుని తిప్పింది. లోపలి గాలి ఫట్‌మని బురుల్చా వేలిని నెట్టేసింది. బెజ్జం బెజ్జానికీ అంతే బలంగా నెట్టింది.

"ఊపిరి నిక్షేపంగా ఉంది. రింగులు అరిగితే గాలి ఇలా నెట్టదు" అంది బురుల్చా.

కొనేవాణ్ణి వెంటబెట్టుకుని కాసిమాలి వచ్చేసరికి ప్లగ్గులు తెల్ల రుమాలు మీద పరిచి ఉన్నాయి. ఎవరు ముట్టుకోమన్నారని అడిగాడాయన. బురుల్చా ఆయన వైపు చూడలేదు. అత్త వైపు తిరిగి, ఆయనకు వినబడేలా చెప్పింది.

"అత్తయ్యా, బావగారితో చెప్పండి. నడిచే బండికి ఇంత మసి పట్టదు. నిలబెట్టి మండిస్తే పడుతుంది. చలికాలమంతా ఇది ఎవరి గేటు ముందు మండిందో బావగారికే తెలుసు."

కొనేవాడు వంగి ఒక ప్లగ్గును వేలితో గీశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇది చావలేదన్నా. మీ కబుర్లు విని విని గొంతు పూడుకుపోయింది."

కాసిమాలి మొహం ఎర్రబడింది. ఆడదానికి ఇంజను సంగతేం తెలుసన్నాడు. తాను మాట ఇచ్చేశానన్నాడు. తాళం కోసం చెయ్యి చాచాడు. తాళం బాత్మా గుప్పిట్లో ఉంది.

"మాట ఇచ్చింది నువ్వు. బండి చిన్నోడిది. మాటే కావాలంటే నీ గుర్రాన్ని ఇచ్చుకో" అంది ముసలావిడ.

బురుల్చా ప్లగ్గుల్ని పెట్రోలుతో కడిగి, పాత పళ్ళ బ్రష్షుతో తోమి, ఎండలో ఆరబెట్టి, తీగలతో సహా మళ్ళీ బిగించింది. మిషనునూ పిల్లల్నీ అత్తనూ ఎక్కించింది. కాసిమాలి గేటు దగ్గరే నిలబడి, కొండ మొదట్లోనే ఆగిపోతుంది, అప్పుడు నా కాళ్ళ దగ్గరికే వస్తావు అన్నాడు.

ఆమె ఆయనకు వీపు తిప్పి, నిటారుగా నడిచి వెళ్ళి కారెక్కింది.

గేటు దాటి ఎత్తు మొదలవగానే, లోపలి మసి కాలిపోయేలా చిన్న గేరులో ఇంజనును గట్టిగా అరిపించింది. నల్లపొగ మేఘంలా లేచి గేటునూ మనిషినీ కప్పేసింది. ఇంజను ఆగలేదు. మలుపులు దాటే కొద్దీ పొగ పలచబడి, అద్దంలో రోడ్డు కనబడింది. ఆమె పళ్ళు మాత్రం ఇంకా బిగబట్టే ఉంది. కనుమ మీద బండి ఆపి, కారులో కాళ్ళ కింద పరిచిన పట్టాలు లాగి, అంచు దగ్గర నిలబడి, ఊరి వైపుకి దులిపింది. పొద్దుతిరుగుడు పొట్టు గాలికి ఎగిరి కిందికి పోయింది.