ముందు సాబ్ ఫోన్

శుక్రవారం చేయాల్సిన పనులు: జుమా నమాజుకు మా ఆయన జమీర్ తెల్ల కుర్తా ఇస్త్రీ చేయాలి. వారానికి సరిపడా ఖీమా కడిగి డబ్బాల్లో పెట్టాలి. ఇడ్లీకి పిండి రుబ్బాలి. రాయచోటికి ఫోన్ చేసి మామ కాళ్లనొప్పి గురించి అడగాలి, అత్త చెప్పేదంతా వినాలి. జమీర్ దోస్తు ఖాసిం వలి భార్య అనీసాను టైలర్ దగ్గర దించి, మళ్లీ తీసుకురావాలి. కార్ల షెడ్లుండే అర్దియాకు పోయి కార్లో పాత స్టీరియో తీయించి, దారి చూపించే కొత్త స్క్రీన్ పెట్టించాలి.

ఆ చివరిదొక్కటే నా కోసం పెట్టుకున్న పని.

ఈ కువైట్‌లో మా ఇంట్లో కారు లైసెన్సు నాది. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డులో అకౌంటెంట్ అని ఉంది కాబట్టి నాకు ఇచ్చారు. జహ్రాలో బట్టల దుకాణంలో పనిచేసే జమీర్‌కు రాలేదు. అందుకని స్టీరింగ్ నా చేతిలో ఉంటుంది, దారి ఆయన నోట్లో ఉంటుంది. "ఎడమ తీసుకో. ఎడమంటే ఎడమేనే! పాయె సూడు ఎగ్జిట్." కాస్త ముందే చెప్పొచ్చు కదా అంటే, "నేను జెప్తాండా గదా, నువ్వు తిప్పు" అంటాడు. రోజూ ఆయన్ని జహ్రాలో దించి, వెనక్కొచ్చి ఫర్వానియాలో నా ఆఫీసుకు పోతాను. సాయంత్రం మళ్లీ అదే. ఇన్నాళ్లు నడిపినా కువైట్ నాకు మలుపులుగా తెలుసు గానీ దారిగా తెలియదు. ఫోన్ చేత్తో పట్టుకుని చూసుకుంటూ నడిపితే జరిమానా. జరిమానా కట్టడం ఒక ఎత్తు, దానివెంట వచ్చే మాటలు పడటం ఇంకో ఎత్తు. మామ పీర్ సాహెబ్ ఫోన్లో ఎప్పుడో అననే అన్నాడు: "సదువుకున్న పిల్లని తెచ్చుకుంటిమి. ఇప్పుడు మావాణ్ని పక్కన కూసోబెట్టుకోని ఊరేగుతాంది." నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నదానికి జవాబు చెబితే కోడలికి పొగరంటారు. నేనూ నవ్వాను.

వచ్చే గురువారం పది గంటలకు అహ్మదిలో నాకు ఇంటర్వ్యూ. ఒక కాంట్రాక్టు కంపెనీలో సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగం. ఒక్కదాన్నే పోదామని ఆఫీసుకు సెలవు పెట్టాను. జమీర్‌కు చెబితే ఫోన్లోంచి తల ఎత్తకుండా "సూద్దాంలే" అన్నాడు. స్క్రీన్ మాట చెప్పినప్పుడు మాత్రం తల ఎత్తాడు. "నేనుండంగా నీకు మ్యాపెందుకే?"

అర్దియా దుకాణదారు డ్యాష్‌బోర్డు పట్టీ ఊడదీసి, పాత స్టీరియో బయటికి లాగి, వైర్లు ఒక్కొక్కటిగా కొత్తదానికి కలిపాడు. స్టీరింగ్ మీది బటన్లు ఇంతకుముందులాగే పనిచేస్తాయా అని అడిగాను. "చలేగా భాయ్" అన్నాడు జమీర్ వైపు తిరిగి. అడిగింది నేను, జవాబు జమీర్‌కు. సౌండ్ బాగుందా అని జమీర్‌నే అడిగాడు. స్క్రీన్‌తో వచ్చిన కెమెరా వెనక ఎక్కడ బిగించాలని కూడా జమీర్‌నే అడిగాడు. ఫోన్ కలిపేటప్పుడు నాది ముందుకు చాపాను. "పెహ్లే సాబ్ కా" అని జమీర్ ఫోన్ తీసుకుని కలిపాడు. స్క్రీన్ ఆడగొంతుతో దారి చెప్పడం మొదలుపెట్టగానే జమీర్, "మొగగొంతు లేదా భాయ్? ఇంట్లో ఒకటి సాలదా?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలవాటు.

తిరుగు దారిలో, "బకాలా కాడ ఆపు, ఖుబ్బూస్ రొట్టెలు తెస్తా" అని జమీర్ దిగాడు. దుకాణం మెట్టు ఎక్కబోతుంటే ఆయన ఫోన్ మోగింది. చెవికి పెట్టుకున్నాడు. ఫోన్ ఇంకా కారుకే కలిసి ఉంది కాబట్టి గొంతు మాత్రం కార్లో పలికింది. కొత్త స్క్రీన్ మీద ఖాసిం వలి పేరు.

"జమీరన్నా, గురువారం సంగతి ఖాయమే గదా? మా అత్తామామల ఫ్లైట్ పొద్దున తొమ్మిదిన్నరకు దిగుతాది. ఆ పొద్దు భాభీ లీవు పెట్టింది, మా డ్రైవరు ఖాళీనే అంటివి. ఇప్పుడు మాట మారిస్తే మా అనీసా నన్ను ఏర్‌పోర్టులోనే ఇడిసిపెట్టి వస్తాది. అన్నా? ఇంటాండావా?"

మెట్టు మీద జమీర్ "హలో, హలో" అని అరుస్తున్నాడు. ఆయనకేమీ వినపడటం లేదు. నాకంతా వినపడింది. డ్రైవర్ అన్న మాటకు నాకు అంత నొప్పి కలగలేదు. ఈ దేశంలో ఎంతోమంది మనవాళ్లు తినే కూడు అదే. ఇంటి డ్రైవర్‌కైనా వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఒక సెలవు ఇస్తే ఆ సెలవు అతనిదే. నా సెలవు ఎందుకో జమీర్‌కు తెలుసు. తెలిసే, సెలవు ఒక్కటి ఉంచుకుని ఎందుకన్నది పక్కన పారేసి, దోస్తుకు ఇచ్చేశాడు. వంటింట్లో మిగిలిన కూర పక్కింటికి ఇచ్చినంత తేలిగ్గా.

"ఖాసిం భాయ్, డ్రైవర్నే మాట్లాడతాండా" అన్నాను.

"భాభీ... అది తమాషాకు అన్న్యాడు భాభీ."

"తమాషానే భాయ్. గురువారం డ్రైవరుకు వేరే పనుంది. ట్యాక్సీ మాట్లాడుకో. అనీసాకు సలాం చెప్పు."

జమీర్ ఖుబ్బూస్ కవరుతో వచ్చి కూర్చున్నాడు. "ఫోన్ సచ్చింది. ఖాసిం జేసినాడు, ఒక్క ముక్క ఇనపడ్లే."

"నాకు ఇనపడింది. రానని చెప్పినా."

కవరు కాళ్ల దగ్గర పెట్టి నా వైపు తిరిగాడు. "ఏమే! మాటిచ్చినా వానికి. నా పరువేం గావాల? ఇంటర్వ్యూ ఇంగో దినం పెట్టమంటే పెడతారు."

"నన్ను అడగకుండా ఇచ్చినావు. నువ్వే వాపసు తీసుకో."

"అహ్మదికి నేను రాను. ఎట్ల పోతావో పో."

"నిన్ను రమ్మన్లా" అని బండి తీశాను.

ఈ రాత్రి రాయచోటి నుంచి ఫోన్ వస్తుంది. అత్త ఏడుస్తుంది, మామ ఈసారి నవ్వడు. రానివ్వండి. మా వైపు ఎవరైనా ముఖ్యమైన పనిమీద పోతుంటే, దువాల్లో, అంటే అల్లాను వేడుకునేటప్పుడు, యాద్ పెట్టుకోండని తెలిసినవాళ్లందరినీ అడుగుతాం. జమీర్ వీసాకు, మామ ఆపరేషన్‌కు, అనీసా కాన్పుకు ఊరంతటినీ అడిగింది నేనే. నాకోసం ఎవరినీ అడిగిన గుర్తు లేదు. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. గురువారం పొద్దున పది గంటలకు, అహ్మదిలో. ఆ వేళకు మీరు ఏ పనిలో ఉన్నా, ఒక్క క్షణం నన్ను గుర్తుపెట్టుకోండి. దువాలో జమీర్ భార్య అనకండి. ముబీనా అనండి.